50 హెర్ట్జ్ క్షేత్రంలో పండ్ల ఈగలు: ఉత్తుత్తి కాయిల్ లేనిదే మొదలుపెట్టొద్దు

50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం పండ్ల ఈగల ఎదుగుదలను మారుస్తుందా అని చూసే ప్రయోగం ఇది. కాయిల్ మధ్య పెట్టిన ఈగలు ఒకరోజు ముందే బయటికొస్తే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని కాదు, కాయిల్ వేడిని. పండ్ల ఈగ (డ్రోసోఫిలా) గుడ్డు 25 డిగ్రీల దగ్గర సుమారు 10 రోజుల్లో ఈగవుతుంది. ఒక్క డిగ్రీ అటూఇటూ అయినా ఆ లెక్క మారిపోతుంది. అందుకే, వేడి అలాగే ఉంచి క్షేత్రాన్ని మాత్రమే తీసేయగలిగేలా, జంట తీగ చుట్టాలి.

10 సెం.మీ. వ్యాసార్థం గల రెండు చట్రాలను 10 సెం.మీ. ఎడంగా నిలపండి. చట్రాలు చెక్కవో ప్లాస్టిక్‌వో కావాలి. 1 మి.మీ. ఎనామిల్ రాగి తీగలు రెండు కలిపి పట్టుకుని, ఒక్కో చట్రానికి 50 సార్లు చుట్టండి. అంటే ఒక్కో చట్రానికి 100 చుట్లు. మొత్తం తీగ 126 మీటర్లకు పైనే పడుతుంది. అన్నీ సిరీస్‌లో కలిపి 1 ఆంపియర్ పంపితే మధ్యలో 0.9 మిల్లీటెస్లా అయస్కాంత క్షేత్రం వస్తుంది. రెండో తీగను స్విచ్‌తో తిరగేస్తే క్షేత్రం దాదాపు సున్నా అవుతుంది, 2.8 వాట్ల వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఇదే ఉత్తుత్తి కాయిల్.

చాలామంది పొరపడేది ఇక్కడే. స్విచ్ తిప్పగానే ఇండక్టెన్స్ (మారే కరెంటును కాయిల్ అడ్డుకునే గుణం) దాదాపు పోయి కరెంటు పెరుగుతుంది. సుమారు 3.7 ఓల్టులు కావాల్సిన చోట ఇప్పుడు 2.8 చాలు. ఓల్టేజీ వదిలేసి, ఆమీటర్ చూసుకుంటూ మళ్లీ 1 ఆంపియర్‌కి తేవాలి.

వేరియాక్ (ఓల్టేజీని తగ్గించి పెంచే ట్రాన్స్‌ఫార్మర్) తర్వాత 12 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు తప్పనిసరి. వేరియాక్ ఒక్కటే మెయిన్స్ నుంచి వేరుచేయదు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ వద్దు, కరెంటు తరంగాన్ని ముక్కలు చేస్తుంది.

క్షేత్రం కొలతకి ఫోను పనికిరాదు. 1 చ.సెం.మీ. వైశాల్యంలో 100 చుట్ల చిన్న కాయిల్ చేసి మధ్యలో పెడితే మల్టీమీటర్ ఏసీ రేంజిలో సుమారు 2.8 మిల్లీవోల్టులు చూపాలి. తక్కువొస్తే ఆ చిన్న కాయిల్ ముఖం పెద్ద కాయిల్స్ ముఖాలకు సమాంతరంగా ఉందో లేదో చూడండి.

సీసాల స్టాండు కాయిల్‌ని తాకకూడదు. 100 హెర్ట్జ్ గుయ్‌మనే కంపనం ఈగలకూ తెలుస్తుంది.

ఇంకొకటి, లార్వా (ఈగ పిల్లపురుగు) ఒంటరిగా లేదు, తడి మేతలో కూరుకుని ఉంది. 2.5 సెం.మీ. వ్యాసం గల సీసాలో క్షేత్రం నిలువుగా ఉంటే, అంచు దగ్గర మేతలో పుట్టే విద్యుత్ క్షేత్రం మీటరుకు 1.8 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. సీసా సైజు మారిస్తే మోతాదూ మారినట్టే.

రెండు సెట్లు, ఒకటి అసలుది, ఒకటి ఉత్తుత్తిది, మీటరుకు పైగా దూరంలో ఒకేసారి నడపండి; ప్రతి విడతా ఏది అసలుదో, ఏది ఉత్తుత్తిదో మార్చండి. ఈగల్ని లెక్కపెట్టేవాళ్లకు ఏ సీసా ఎక్కడిదో తెలియకూడదు. 30 ఈగలు 30 ఫలితాలు కావు; ఒక విడతలో ఒక కాయిల్ ఇచ్చేది ఒక్క ఫలితమే.

అసలు పనికి ముందు రెండింటినీ ఉత్తుత్తిగానే ఒక విడత నడపండి. అప్పుడూ తేడా వస్తే తప్పు షెల్ఫుదో, గాలిదో, వెలుతురుదో. అది దొరికేదాకా స్విచ్ తిప్పొద్దు.