‘సరే’ అంటాడు, మళ్లీ బండి తీస్తాడు: లోపం ఎక్కడుంది?

సమస్య: అబ్బాయి ఇంటర్. ‘18 నిండేదాకా బండి ముట్టుకోవద్దు’ అని నాన్న గట్టిగా చెప్పారు. ‘సరే’ అన్నాడు. వారం తిరక్కుండా సందు చివర స్కూటీ మీద కనిపించాడు. నిలదీస్తే నోరు విప్పడు, తలుపేసుకుంటాడు. ఫోనైనా, ఇంటికొచ్చే టైమైనా వరస ఇదే.

ముందు చూడాల్సినవి: కాలేజీ నుంచి ఆకలితో వచ్చీ రాగానే అడిగారా? చుట్టాల ముందు అడిగారా? ముందు అది మానండి. అన్నం తిన్నాక, పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి. ఇది చూడకుండానే కౌన్సెలర్ నంబర్ అడిగేవాళ్లే ఎక్కువ.

రూల్‌తో పాటు కారణం చెప్పారా? ‘నలుగురూ ఏమనుకుంటారు’ చెల్లదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ చూపించండి. మైనర్ నడిపితే తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ‘16కే ఇస్తారటగా’ అంటాడు. ఇస్తారు, 50 సీసీ దాటని గేర్లు లేని బండికి. మీ ఇంట్లో ఉన్నది 110.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మార్పు లేదంటే, ఇంట్లోనే దొడ్డిదారి ఉంది. పాల ప్యాకెట్ అయిపోతుంది, నాన్న ఆఫీసులో ఉంటారు. ‘మెల్లగా వెళ్లిరా కన్నా, మీ నాన్నకు చెప్పకు’ అని అమ్మే తాళాలిస్తుంది. నానమ్మ పెట్రోలు డబ్బులు కూడా ఇస్తుంది. (కొన్ని ఇళ్లలో అమ్మ స్ట్రిక్టు, చాటుగా ఇచ్చేది నాన్న.) వాడు నేర్చుకునే రూల్ ఒక్కటే: నాన్నకు తెలియనివ్వకు.

ఇది ఎందుకు దొరకదంటే, ‘సందు చివరికే కదా’ అనుకునే అమ్మకు అది రూల్ తప్పడంలా తోచదు. నాన్నకు తెలియదు. చెబితే అమ్మ ఇరుక్కుంటుందని పిల్లాడు చెప్పడు. ఆ మౌనాన్ని పొగరనుకుని నాన్న రూల్ ఇంకా బిగిస్తారు, చాటు వ్యవహారం ఇంకా పెరుగుతుంది.

పట్టుకునే పద్ధతి: వాడు లేనప్పుడు ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద రూల్ రాయండి, కింద ‘ఎప్పుడైతే పర్వాలేదు’ అన్నవి కూడా. పై లైన్లు కలుస్తాయి, కిందివి కలవవు. ‘మా ఇంట్లో అలాంటిదేం లేదండీ’ అనేవాళ్లు తప్పకుండా రాయండి.

పరిష్కారం: మొదట పాలు ఎవరు తేవాలో తేల్చండి. నవ్వకండి, ఆ పని అలాగే ఉంటే తాళాలు మళ్లీ వాడి చేతికే వెళ్తాయి. తర్వాత ముగ్గురూ కూర్చుని, ‘ఇన్నాళ్లూ నేనే ఇచ్చాను, ఇక ఇవ్వను’ అని అమ్మే చెప్పాలి. అప్పుడు నాన్న ఆవిడ మీద విరుచుకుపడినా, పాత లెక్కలు తవ్వినా పని చెడిపోయినట్టే. కొన్నాళ్లు విసుక్కుంటాడు, తాళాల కోసం నానమ్మను పట్టుకుంటాడు. ఆవిడకు ముందే చెప్పి ఉంచండి.

మిగతా కారణాలు: ప్రేమ వ్యవహారం, చెడు స్నేహాలు అంటూ మొదటి రోజే మొదలుపెట్టకండి, అరుదు. నిద్ర, తిండి తగ్గి, స్నేహితులను కూడా దూరం పెడుతుంటే మాత్రం రూల్స్ పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.