108 కథ నిజమా? బిళ్ళతో కొలిచి చూడండి

చంద్రుడి దూరం చంద్రుడి వ్యాసానికి, సూర్యుడి దూరం సూర్యుడి వ్యాసానికి సరిగ్గా 108 రెట్లని, జపమాలలో 108 పూసలు అందుకేనని ఓ కథ చెబుతుంటారు. పౌర్ణమి రాత్రి చంద్రుడు ఇంకా కిందుగా ఉండగానే పది రూపాయల బిళ్ళని ఓ కర్రకి అంటించి నిలబెట్టి, ఒక కన్ను మూసి, అది చంద్రుణ్ణి సరిగ్గా కప్పేదాకా వెనక్కి జరగండి. టేపుతో కొలిస్తే దాదాపు మూడు మీటర్లు. బిళ్ళ వ్యాసం 27 మిల్లీమీటర్లు, ఆ దూరాన్ని దీంతో భాగిస్తే 110 దగ్గర్లో వస్తుంది; బిళ్ళ చంద్రుణ్ణి సరిగ్గా కప్పింది కాబట్టి చంద్రుడికీ ఇదే నిష్పత్తి. (సూర్యుడితో ఈ పని వద్దు, కళ్ళు పోతాయి.) చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లని వ్యాసం 3,475తో భాగించినా అంతే, సూర్యుడికైతే 107 పైచిలుకు.

అబ్బ, జపమాల పూసలే! అనేయకండి. చంద్రుడి దూరం మారుతుంటుంది కాబట్టి ఈ అంకె దాదాపు 103 నుంచి 117 దాకా ఊగుతుంది. 108కి ఓ అర్థం చెప్పాలంటే నాకు 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అన్న లెక్కే నచ్చుతుంది, ఎందుకంటే చంద్రుడు ఆకాశం చుట్టి రావడానికి పట్టేది 27.3 రోజులు. బిళ్ళ కూడా 27 మిల్లీమీటర్లే కావడం మాత్రం ఉత్త కాకతాళీయం.