ఆర్గన్ పునర్నిర్మాణం – ఐదవ పాఠం: ఇంకా గాలి దగ్గరే

చర్చిలో గొట్టాలతో పలికే ఆర్గన్‌ను ఒక చోట విప్పి, మరో చోట తిరిగి నిలబెట్టడం గురించిన ఈ పాఠాల్లో, ఈసారి రీడు గొట్టాల (లోపల సన్నని లోహపు నాలుక అదిరి పలికేవాటి) సంగతి మొదలుపెడతానని గతసారి మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. నాలుగవ పాఠం చదివి తిత్తికి (గొట్టాలకు పోయే గాలిని నిల్వచేసి, పైన పెట్టిన బరువుతో దానికి ఒత్తిడి ఇచ్చే తోలు సంచికి) గాలి ఎక్కించినవారు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిలో ఫిర్యాదు ఒక్కటే: పాత చోట నిండుగా, మెత్తగా పలికిన గొట్టాలు కొత్త దేవాలయంలో ఈలలు వేస్తున్నాయి, కొన్ని ఏకంగా పై స్థాయిలోకి (ఆక్టేవ్‌లోకి) ఎగిరిపోతున్నాయి. ఒకరైతే శ్రుతి పెరిగిందని గొట్టాల పై అంచుల మీద శ్రుతి సరిచేసే శంకువు పనిముట్టు బోర్లించి తట్టి, పన్నెండు గొట్టాల నోళ్లు ముడిచేశారు. సీసం, తగరం కలిపి పోసిన ఆ లోహం గోటితో గీసినా గీత పడేంత మెత్తనిది. దానిని తట్టిన ప్రతిసారీ అంచు కొంత చెడుతుంది. దయచేసి శంకువును పెట్టెలో పెట్టి తాళం వేయండి.

తప్పులో సగం నాదే. విప్పేముందు పాత చోట కొలిచి రాసుకున్న ఒత్తిడే కొత్త చోటా ఉండాలని, మన ఉదాహరణలో అది 75 మిల్లీమీటర్ల నీటిమట్టమని చెప్పి ముందుకు సాగిపోయాను. దానిని ఎలా చదవాలో చెప్పలేదు.

కొలిచే సాధనానికి డబ్బు పోయనక్కరలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో మేస్త్రీలు కొనే పారదర్శకమైన లెవెల్ ట్యూబు ఒకటిన్నర మీటరు చాలు. దానిని ఒక చెక్కపట్టీకి ఆంగ్ల యూ అక్షరం ఆకారంలో బిగించి, మధ్యలో స్కేలు అతికించి, రెండు చుక్కల సిరా కలిపిన నీళ్లు సగం దాకా పోయండి. బుడగలు లేకుండా చూసుకోండి. ఒక చిన్న గొట్టాన్ని తీసి పక్కన పెట్టి, అది నిలిచే రంధ్రంలో బెజ్జం వేసిన బిరడా బిగించి, ట్యూబు ఒక కొసను అందులో దూర్చి, ఆ గొట్టం ఉన్న వరుసకు గాలి వదిలే పిడిని (స్టాపును) లాగి, ఆ గొట్టపు మెట్టు (కీ) నొక్కి పట్టుకోండి. గాలి ఒకవైపు నీటిని కిందికి తోస్తుంది, రెండోవైపు నీరు అంతే మేర పైకి లేస్తుంది.

అందరూ జారింది ఇక్కడే. నీరు మొదట ఉన్న గీత నుంచి ఒకవైపు ఎంత లేచిందో చూసి అదే ఒత్తిడి అనుకున్నారు. ఒత్తిడి అంటే రెండు మట్టాల మధ్య తేడా. ఒకవైపు 37.5 దిగి, మరోవైపు 37.5 లేస్తే తేడా 75. ఆ గాలి సరైన గాలే. మీరు 37.5 మాత్రమే చదివి, సగమే వస్తోందని తిత్తి మీద బరువు రెట్టింపు చేశారు. ఇంకోలా చెబుతాను. 75 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి అంటే ఒక చదరపు మీటరు మీద 75 కిలోల బరువు. పై పలక సమాంతరంగా లేచే మన తిత్తి మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంటే 0.6 చదరపు మీటరు కనుక దాని మీద మొత్తం 45 కిలోలు ఉండాలి. పలక బరువే 12 కిలోలు. మిగిలిన 33 కిలోలకు, ఒక్కోటి మూడు కిలోలు తూగే ఇటుకలు పదకొండు సరిపోతాయి. ఇరవై ఆరు ఇటుకలు పేర్చానని రాసినవారు తమ తిత్తి మీద 90 కిలోలు పెట్టారు. తోలు చిరగనందుకు సంతోషించాలి. ఇకమీదట పై మట్టాన్ని, కింది మట్టాన్ని విడివిడిగా రాసుకుని, తీసివేత కాగితం మీదే చేయండి. (పోత ఇనుప దిమ్మలకన్నా నాకు గుడ్డ చుట్టిన ఇటుకలే నచ్చుతాయి. సగం ఇటుక కావాలంటే పగలగొట్టుకోవచ్చు.)

గాలిపెట్టె (గొట్టాలు నిలిచే పెట్టె) అతుకుల్లో కారుడును పట్టడానికి అగరుబత్తి పొగ చాలు. పొగ వంగిన చోట అతుకు కారుతోంది. విచారణ గురువులు అడిగితే సాంబ్రాణికి చుట్టమని చెప్పండి.

ఒత్తిడి సరిచేశాక కూడా ఫోనులో శ్రుతి చూసే యాప్ సెకనుకు 440 కంపనాలకు బదులు 451 చూపిస్తే కంగారు పడకండి, ముందు గోడ మీద ఉష్ణమాపకం చూడండి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, గొట్టం పొడవు మారదు కాబట్టి శ్రుతి పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర 440 పలికిన గొట్టం 35 డిగ్రీల దగ్గర 451 పలుకుతుంది, అంటే దాదాపు అర్ధస్వరంలో సగం. 19వ శతాబ్దపు ఇంగ్లండులో 452 దాకా పెంచిన శ్రుతి కూడా వాడుకలో ఉండేది కనుక, అక్కడి పాత వాద్యమైతే ఆ ఎత్తు దాని పుట్టుశ్రుతే కావచ్చు. నేను తరలించిన మొదటి ఆర్గన్‌ను మే నెల మధ్యాహ్నం మూడింటికి, 36 డిగ్రీల వేడిలో, పంతంగా 440కి దించాను. క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు లోపల 18 డిగ్రీలు. ఆర్గన్ 427 పలికింది, పక్కనే గాయకబృందం కీబోర్డు 440 పలికింది. మొదటి కీర్తన రెండో చరణానికి కీబోర్డు వాయించే అబ్బాయి చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశాడు.

చిన్న గొట్టాలకు మీ చేతి వేడే చాలు. రెండడుగుల వరుసలో (అన్నిటికన్నా పెద్ద గొట్టం రెండడుగులు ఉండే వరుసలో) అన్నిటికన్నా కింది మెట్టుకు ఐదు స్థాయిలు పైన ఉండే గొట్టంలో పలికే భాగం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. వేళ్లతో పట్టుకుని తిరిగి నిలబెట్టిన వెంటనే దాని శ్రుతి నమ్మకండి, అయిదు నిమిషాలు ఆగండి.

అభ్యాసం: ఏడు రోజులు, ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి నాలుగడుగుల వరుసలోని ఒకే గొట్టం శ్రుతిని, గొట్టాల ఎత్తులో వేలాడదీసిన ఉష్ణమాపకం అంకెను, నీటి రెండు మట్టాలను నోటుబుక్కులో రాయండి. ఆదివారం పూజ ముగిసి జనం వెళ్లకముందు ఒకసారి అదనంగా కొలవండి, ఎందుకంటే నిండిన దేవాలయం ఖాళీ దేవాలయంకన్నా వెచ్చగా ఉంటుంది. నోటుబుక్కులో ఇరవై రెండు పంక్తులు పూర్తికాకుండా ఆరవ పాఠం తెరవకండి. అందులో ముట్టుకునేది రీడు గొట్టాలనే: వేడికి అవి పెద్దగా కదలవు కనుక, మిగతా గొట్టాలు ఆ రోజు ఎక్కడ నిలిస్తే అక్కడికి వాటినే తెస్తాం.