సిబ్బంది సంకోచం లేకుండా మాట్లాడాలంటే అధికారి ఏం చేయాలి?

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలోని విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో ఒక విమానం టేకాఫ్ కోసం రన్‌వేపై పరుగు అందుకున్నాక, మరో విమానం ఇంకా దారిలోనే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. ఎంతో అనుభవమున్న కెప్టెన్ అలాంటిదేమీ లేదని గట్టిగా చెప్పడంతో ఆ సందేహం అక్కడే ఆగిపోయింది. క్షణాల్లో రెండు విమానాలూ ఢీకొని 583 మంది మరణించారు. ప్రమాదానికి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా ఆ ఇంజనీర్ అడగలేదని ఎవరూ అనలేరు. అడిగిన మాటకు ఆ కాక్‌పిట్‌లో విలువ దక్కలేదు. ఉద్యోగి నోరు విప్పడం అతని ధైర్యం కన్నా పైఅధికారి తీరుపైనే ఎక్కువగా ఆధారపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మొదట, మౌనాన్ని అంగీకారంగా లెక్కించడం మానండి. ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్‌కు, మంచి నాయకత్వమున్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు కనిపించింది. ఆ బృందాలు పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె గ్రహించారు.

తర్వాత, సమావేశంలో మీ అభిప్రాయాన్ని చివర చెప్పండి. మీరు ముందే తేల్చేస్తే మిగతావారు దానికే తలూపుతారు. “ఎవరికైనా సందేహాలున్నాయా?” అని అడిగితే సాధారణంగా జవాబు రాదు. “ఈ పని గడువులోగా పూర్తికాకపోతే, కారణం ఏమై ఉంటుంది?” అని అడిగితే ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మాట విన్న తొలి క్షణంలో మీరు స్పందించే తీరు. లెక్కల్లో తేడా ఉందని కొత్తగా చేరిన ఉద్యోగి చెప్పినప్పుడు, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండా “ఇప్పుడా చెప్పేది?” అని విసుక్కుంటే, అతనొక్కడే కాదు, ఆ గదిలో ఉన్న మిగతా ఎనిమిది మందీ ఇక మీదట ఏం దాచాలో నేర్చుకుంటారు. అలా కాకుండా, చేస్తున్న పని ఆపి, అతని వైపు తిరిగి, “ఏ వరుసలో కనిపించింది? చూపించండి” అని అడగండి. అతని అనుమానం తప్పని తేలినా, చెప్పినందుకు అందరి ముందూ కృతజ్ఞతలు తెలపండి.

తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని చాలామంది అధికారులు చిత్తశుద్ధితోనే చెబుతారు, కానీ ఆ గడప దాటే భారం ఉద్యోగి మీదే ఉంటుంది. మీరే వారి బల్ల దగ్గరికి వెళ్లండి. విన్న సూచన ఏమైందో కొద్ది రోజుల్లోనే చెప్పండి; దాన్ని అమలు చేయలేకపోతే కారణం వివరించండి.

ఎంత జాగ్రత్తపడినా ఒకరోజు కోప్పడతారు. అప్పుడు క్షమాపణను అదే గదిలో, అదే బృందం ముందు చెప్పండి. ఒంటరిగా పిలిచి చెబితే అది మిగతా ఎనిమిది మందికి చేరదు.