అనంతపురంలో కూర్చుని ఈసీహెచ్ఎల్ సీజన్ మొత్తం ఫాలో అవ్వడం ఎలా

మా ఊళ్ళో హాకీ అంటే ఆర్డీటీ వాళ్ళ గ్రౌండులో పిల్లలు ఆడేది. నేను ఐస్ హాకీ చూస్తానంటే, అందులోనూ మైనర్ లీగ్ అంటే, "మైనర్ అంటే చిన్నపిల్లలదా?" అని ఒకడు, "సోడా బండి దగ్గర తప్ప మన ఊళ్ళో ఐస్ యాడుంది?" అని ఇంకొకడు. పిల్లల ఆట కాదు స్వామీ, వారం వారం జీతం తీసుకుని ఆడే పెద్దోళ్ళే. అమెరికా, కెనడాల్లో ఎన్‌హెచ్ఎల్ అన్నిటికన్నా పై మెట్టు, దాని కింద ఏహెచ్ఎల్, దాని కింద ఈసీహెచ్ఎల్. మా అక్కాబావలు ఒహాయోలో టొలీడో అనే ఊళ్ళో ఉంటారు, బావ ఒకసారి అక్కడి టీము జెర్సీ పంపించాడు, దాని మీద పెద్ద చేప బొమ్మ. ఆ చేప ఏందో కనుక్కుందామని మొదలుపెట్టి ఇందులో పడ్డాను. (వాల్‌ఐ అని, ఈరీ సరస్సులో దొరికే చేప. టీము పేరే టొలీడో వాల్‌ఐ.)

అన్నిటికన్నా ముందు ఒక విషయం బుర్రలోకి ఎక్కించుకోవాలి, లేకపోతే నెల తిరక్కుండానే విసుగొస్తుంది. 2024 సెప్టెంబరులో మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగింది కదా. శుభ్‌మన్ గిల్‌ని దగ్గర్నుంచి చూడొచ్చని ఎంతమంది ఆశపడ్డారో. తీరా రెండో రౌండుకి ఇండియా ఏ టీము మన ఊరు వచ్చేసరికి బంగ్లాదేశ్ టెస్టు కోసం పిలుపొచ్చి గిల్, రాహుల్, కుల్దీప్ అందరూ వెళ్ళిపోయారు. కెప్టెన్సీ మయాంక్ అగర్వాల్‌కి వచ్చింది, మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ టీములోకి వచ్చాడు, మొదటి మ్యాచ్ ఓడిపోయిన ఆ టీమే చివరికి ట్రోఫీ ఎత్తుకుపోయింది. ఈసీహెచ్ఎల్‌లో ఇది దాదాపు ప్రతి వారం జరిగే తంతు. మీరు ఇష్టపడిన ఆటగాడు శుక్రవారం ఉంటాడు, ఆదివారానికి ఉండడు. దానికి బాధపడేవాళ్ళు నేరుగా ఎన్‌హెచ్ఎల్ చూసుకోవడం మంచిది.

ఏ టీము, ఎన్ని గంటలకి

2025-26 సీజన్‌లో 30 టీములు. ఎవరు బాగా ఆడతారని కాదు, మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారనేది చూసుకుని ఎంచుకోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. టొలీడో, ఫోర్ట్ వేన్, సవానా లాంటి తూర్పు వైపు టీముల మ్యాచ్ అక్కడ రాత్రి 7 గంటలకి మొదలైతే చలికాలంలో మనకి తెల్లవారుజామున 5:30. ఐడహో, ర్యాపిడ్ సిటీ లాంటివైతే పొద్దున 7:30. తాహో నైట్ మాన్‌స్టర్స్ అయితే 8:30, హాయిగా స్నానం చేసి కూర్చోవచ్చు. వాళ్ళ శుక్రవారం రాత్రి మనకి శనివారం పొద్దున కాబట్టి ఆఫీసు గొడవ కూడా తక్కువ.

కానీ గడియారం దగ్గర జాగ్రత్త. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకి. అంటే అక్టోబరులోనూ, మార్చి రెండో వారం తర్వాతా పైన చెప్పిన టైముల్లోంచి ఒక గంట తీసెయ్యాలి. నేను మొదటి ఏడాది ఇది తెలీక మార్చిలో ఐదున్నరకి అలారం పెట్టుకుని లేచి, కాఫీ కలుపుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టేసరికి రెండో పీరియడ్ నడుస్తోంది, స్కోరు అప్పటికే 3-0. అప్పట్నుంచి ఆ రెండు ఆదివారాలూ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెడతాను.

శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు ఆడేది ఈ లీగులో మామూలే. ఆదివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకి అర్ధరాత్రి దాటి 1:30కి పడుతుంది. దానికోసం నిద్ర చెడగొట్టుకోవద్దు. కాళ్ళు ఈడ్చుకుంటూ ఆడతారు, మామూలుగా గోలీ (గోల్ కాసేవాడు) కూడా రెండోవాడే ఉంటాడు. పొద్దున లేచి హైలైట్లు చూస్తే చాలు.

వీడియోకి ఫ్లోహాకీ అనే యాప్ ఉంది, ఈసీహెచ్ఎల్, ఏహెచ్ఎల్ రెండూ అందులోనే వస్తాయి, డబ్బులు డాలర్లలో కట్టాలి, కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. నన్నడిగితే మొదటి నెల పైసా పెట్టకండి. చాలా టీములు ఆడియో కామెంటరీ ఉచితంగా ఇస్తాయి, అది వినండి. పూర్వం రేడియోలో క్రికెట్ విన్నట్టే. చాలా టీములకి ఒక్కడే మనిషి మైకు ముందు కూర్చుని గొంతు పోయేలా చెప్తుంటాడు, ఆటగాళ్ళ పేర్లు తొందరగా నోటికొస్తాయి. వంటింట్లో ఫోను గూట్లో పెట్టి, ఉగ్గానికి బొరుగులు తడుపుతూ వినేస్తాను నేను. మొదట్లో మా అమ్మ "తెల్లారకముందే ఎవురితో కొట్లాడతాండావురా?" అని లేచొచ్చేది.

వినడానికి సరిపోయేంత ఆట

మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు. ఒక్కో వైపు ఐదుగురు, గోలీ ఒకడు. ఒక్కో బృందం ముక్కాలు నిమిషం ఆడి బెంచీ ఎక్కేస్తుంది, ఆట ఆగకుండానే కొత్తవాళ్ళు దిగుతారు. మామూలు తప్పుకి రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఆలోపు అవతలివాళ్ళకి మనిషి ఎక్కువ, దాన్నే పవర్‌ప్లే అంటారు. చేతులతో కొట్టుకుంటే చెరో ఐదు నిమిషాలు. కొట్లాటల కోసమే చూసేవాళ్ళున్నారు, వాళ్ళ జోలికి నేను పోను.

ఐసింగ్ ఒక్కటీ కాస్త నిదానంగా అర్థం చేసుకోండి. ఒత్తిడి తట్టుకోలేక తమ సగంలోంచి పక్‌ని (ఆడే రబ్బరు బిళ్ళని) అవతలి గోల్ గీత దాటేలా విసిరేస్తే ఆట ఆపి మళ్ళీ వాళ్ళ గోల్ దగ్గరికే తెస్తారు. అసలు శిక్ష అది కాదు, విసిరినవాళ్ళకి మనుషుల్ని మార్చుకునే అవకాశం ఉండదు. అప్పటికే రొప్పుతున్న ఐదుగురు అలాగే నిలబడాలి, అవతల తాజాగా ఐదుగురు దిగుతారు. గోళ్ళు కొరుక్కోవాల్సిన సమయం అదే.

పాయింట్ల పట్టిక నాలుగు అంకెల్లో ఉంటుంది: గెలుపులు, ఓటములు, ఓవర్‌టైమ్ ఓటములు, షూటౌట్ ఓటములు. స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం ఓవర్‌టైమ్, అప్పటికీ తేలకపోతే ఒక్కొక్కరే గోలీ మీదికి వెళ్ళి కొట్టేది షూటౌట్. ఎలా గెలిచినా 2 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే 1. ఉదాహరణకి 42-20-7-3 అని కనబడితే 72 మ్యాచ్‌లు, 84కి 10 కలిపి 94 పాయింట్లు. సీజన్ మొత్తం ఆ 72 మ్యాచ్‌లే, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. చుట్టుపక్కల ఊళ్ళతోనే మళ్ళీ మళ్ళీ ఆడతారు, ప్రయాణాలు ఎక్కువగా బస్సుల్లోనే, అందుకే టొలీడోకి ఫోర్ట్ వేన్ అంటే మంట. నవంబరులో పడిన దెబ్బకి బదులు ఫిబ్రవరిలో తీర్చుకుంటారు.

పట్టిక కాదు, రాకపోకల పేజీ చూడండి

అసలు పని ఇక్కడే ఉంది. లీగు సైటులో ట్రాన్సాక్షన్స్ అని ఒక పేజీ ఉంటుంది, ఏ రోజు ఎవరు ఏ టీముకి వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరిని వదిలేశారు అని పొడి పొడి లైన్లలో. నేను ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టుకున్నా, అంగడిలో అప్పు ఖాతా రాసినట్టు ఎడమ పక్క వచ్చినవాళ్ళు, కుడి పక్క పోయినవాళ్ళు. స్కోరు దాని తర్వాతే చూస్తాను, ఎందుకంటే నిన్న ఆరు గోల్స్‌తో ఎందుకు ఓడారో చాలాసార్లు ఆ లైన్లలోనే ఉంటుంది.

టొలీడో సంగతే చూడండి. దాని పైన ఏహెచ్ఎల్‌లో గ్రాండ్ ర్యాపిడ్స్, ఆ పైన ఎన్‌హెచ్ఎల్‌లో డెట్రాయిట్, మూడూ ఒకే గొలుసులోవి. టొలీడో నుంచి డెట్రాయిట్ దాదాపు మనకి కదిరి ఎంతో అంత దూరం, కారులో గంట. ఆ గంట దూరం దాటడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది, చాలామంది ఎప్పటికీ దాటరు. ఇప్పుడు డెట్రాయిట్‌లో ఒక గోలీకి తొడ కండరం పట్టేసిందనుకోండి. గ్రాండ్ ర్యాపిడ్స్ గోలీని పైకి పిలుస్తారు. అక్కడ ఖాళీ అయింది కాబట్టి టొలీడో గోలీ బ్యాగు సర్దుకుని గ్రాండ్ ర్యాపిడ్స్ వెళ్తాడు. ఇక టొలీడోవాళ్ళు కింది లీగు నుంచి ఎవరినో ఆదరాబాదరాగా తెచ్చుకుంటారు, అతను బస్సు దిగి సాయంత్రానికే గోల్ ముందు నిలబడాలి. ఎక్కడో ఎవరి కాలో పట్టేస్తే శనివారం పొద్దున నా ఉగ్గాని చేదెక్కుతుంది. కాలు బాగయ్యాక ఇదంతా వెనక్కి నడుస్తుంది, ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు కిందికి.

అందుకే కొత్తవాళ్ళకి నా సలహా, గోల్స్ కొట్టేవాణ్ణి కాదు, ఒక గోలీని పట్టుకోండి. కుర్ర గోలీలకి బెంచీ మీద కూర్చుంటే ఆట రాదు, మ్యాచ్‌లు కావాలి, అందుకే పెద్ద టీములు వాళ్ళని ఈ మూడో మెట్టుకి పంపిస్తాయి. జోనథన్ క్విక్ 2007-08లో రెడింగ్ రాయల్స్ అనే ఈసీహెచ్ఎల్ టీముకి గోల్ కాశాడు, 2012లో లాస్ ఏంజెలెస్‌కి ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ తెచ్చిపెట్టి ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అందరూ క్విక్‌లు అవ్వరు, అది వేరే సంగతి.

నెలల వారీగా రద్దీ కూడా మారుతుంది. అక్టోబరులో పై క్యాంపుల్లో మిగిలిపోయినవాళ్ళు కిందికి దొర్లుతారు, టీము కుదురుకోవడానికి నవంబరు దాకా పడుతుంది, అప్పటిదాకా పట్టిక చూసి ఎవరినీ తిట్టకండి. చలికాలం నడుమ దెబ్బలు ఎక్కువ, పిలుపులూ ఎక్కువ. మార్చిలో కాలేజీ సీజన్ అయిపోయి అక్కడి కుర్రాళ్ళు వచ్చి చేరతారు, నోట్‌బుక్కులో ఎడమ పక్క పేజీ ఒక్క వారంలో నిండుతుంది. మధ్యలో జనాన్ని రప్పించడానికి నానా వేషాలు వేస్తారు. కలమజూ టీము సెయింట్ ప్యాట్రిక్స్ డేకి ఐస్‌కి ఆకుపచ్చ రంగు వేస్తుంది, 1982 నుంచీ ఉన్న ఆనవాయితీ. ఏహెచ్ఎల్‌లో ఏడాదికి ఒక మ్యాచ్‌లో హెర్షీ టీము మొదటి గోల్ కొట్టగానే జనం టెడ్డీ బొమ్మలు ఐస్ మీదికి విసురుతారు, తర్వాత వాటిని పంచిపెడతారు, 2025 జనవరిలో లెక్కపెడితే 1,02,343 బొమ్మలు. ఆ వీడియో ఉచితమే, ఇంట్లోవాళ్ళకి చూపించండి, మీ పిచ్చి మీద కాస్త జాలి కలుగుతుంది.

ఏప్రిల్‌లో 16 టీములతో ప్లేఆఫ్స్, ప్రతి సిరీస్ ఏడు మ్యాచ్‌లకి, నాలుగు గెలిచినవాడు ముందుకి. మన దగ్గర ఎండలు మండే రోజుల్లో వాళ్ళు ఐస్ మీద కొట్టుకుంటూ జూన్ దాకా లాగుతారు. గెలిస్తే కెల్లీ కప్. ఫ్లోరిడా ఎవర్‌బ్లేడ్స్ 2022, 2023, 2024 వరుసగా మూడుసార్లు ఎత్తుకెళ్ళారు. మా టొలీడో 2019, 2022, 2025 ఫైనల్స్ మూడూ ఓడింది. 2025 జూన్‌లో బెంగళూరుకి 18 ఏళ్ళ తర్వాత ఐపీఎల్ కప్పు వచ్చిందని మా వీధిలో టపాసులు కాల్చిన నెలలోనే మావాళ్ళు త్వా-రివియెర్ అనే కెనడా టీము చేతిలో పోగొట్టుకున్నారు, ఆ రెండూ ఒకే గుండె తట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతదాకా వచ్చాక జెర్సీ కొనాలనిపిస్తుంది, కొనుక్కోండి, కానీ రెండు మాటలు. మందపాటి గుడ్డ, డిసెంబరు తెల్లవారుజామున తప్ప అనంతపురంలో ఒంటి మీద నిలవదు. రెండోది, వీపు మీద ఆటగాడి పేరు వేయించుకోవద్దు. మా బావ ముచ్చటపడి ఒక డిఫెన్స్ కుర్రాడి పేరుతో పంపించాడు, పార్సిల్ మా ఇంటికి చేరేలోపే ఆ పిల్లోడు వేరే టీముకి వెళ్ళిపోయి, జనవరిలో మా మీదే గోల్ కొట్టాడు.