కరెంటు బిల్లు కట్టబోయి శ్రీశైలం వెళ్లిపోయే బుర్రతో పని చేయించుకోవడం ఎలా?

రాత్రి తొమ్మిదింటికి కరెంటు బిల్లు కడదామని ఫోన్ తీశాను. అసలు యూనిట్ అంటే ఎంత అని డౌటొచ్చింది, అక్కణ్ణుంచి టర్బైన్లు, అక్కణ్ణుంచి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం, అందులో ఒక్కొక్కటి 150 మెగావాట్ల టర్బైన్లు ఆరు... తలెత్తేసరికి ఒంటిగంటన్నర. బిల్లు మాత్రం కట్టలేదు, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకాకే గుర్తొచ్చింది.

ఇలాంటి బుర్రకి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసని కావాల్సిన చోట నిలపడం కష్టమయ్యే తీరు, ఉండొచ్చు. అంటే ఏకాగ్రత అసలు లేకపోవడం కాదు. ఉంటుంది, మన మాటే వినదు. అందుకే కుతూహలాన్ని అణచాలని చూడకండి, దానికో టైమివ్వండి.

ముందుగా ఒక పాత డైరీ, దానికి దారంతో కట్టేసిన పెన్ను (కట్టకపోతే పెన్ను వెతకడమే ఇంకో పనైపోతుంది) టేబుల్ మీద పెట్టుకోండి. పని మధ్యలో ప్రశ్న వస్తే ఒక్క లైను రాసి వదిలేయండి, జవాబు వెతక్కండి. ఫోన్లో రాసుకుంటానంటారేమో, వద్దు, ఫోన్ తీస్తే తిరిగి రాం. రాత్రి ఏడున్నరకి డైరీ తెరిచి, అలారం పెట్టుకుని, గంటసేపు ఇష్టమొచ్చినంత తవ్వుకోండి. సగం ప్రశ్నలు అప్పటికే చప్పబడిపోతాయి. అలారం మాత్రం పక్కగదిలో మోగాలి, చేతికందితే నొక్కేస్తాం.

బోరు కొట్టే పనైతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. సాయం చేయక్కర్లేదు. మా అమ్మ ఎదురుగా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే చాలు, నా ఎక్సెల్ షీటు పూర్తవుతుంది. ఎందుకో గానీ పనిచేస్తుంది. నెలనెలా వచ్చే బిల్లులకి ఆటోపే పెట్టేయండి, వాటిని గుర్తుపెట్టుకుని సాధించేదేం లేదు.

ఇవన్నీ చేసినా ఉద్యోగం, ఇల్లు రెండూ దెబ్బతింటుంటే సైకియాట్రిస్టుని కలవండి. రీల్స్ చూసి మీకు మీరే తేల్చేసుకోకండి. పెద్దయ్యాక వెళ్లినా, పన్నెండేళ్ల లోపే కొన్ని లక్షణాలు ఉండేవా అని అడుగుతారు కాబట్టి అమ్మనో అక్కనో కనుక్కోండి, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్లండి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు డాక్టరు రాస్తేనే వాడాలి, ఫ్రెండు దగ్గర ఒక మాత్ర తీసుకుని చూద్దామనుకోవద్దు. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి. నేను రాసుకోలేదు, గోడ మీదున్న మెదడు బొమ్మ గురించి పది నిమిషాలు అడిగి వచ్చేశాను.