నీట్ దగ్గరపడ్డప్పుడు మనసు కుదుటపడాలంటే

గుంటూరులో ఇంటర్ బైపీసీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. పరీక్ష దగ్గరపడేకొద్దీ మన ముస్లిం పిల్లలు మెల్లగా అడిగేది ఒకటే: "మేడమ్, నమాజు చదువుతున్నా గుండెదడ తగ్గట్లేదు. నా ఈమాన్‌లో (విశ్వాసంలో) లోపముందా?" లేదు తల్లీ. కొడుకు మీద బెంగతో ప్రవక్త యాకూబ్ అలైహిస్సలాం కళ్లు తెల్లబడిపోయాయని ఖురాన్‌లోనే, యూసుఫ్ సూరాలో ఉంది. ఆయన ఈమాన్‌ని ఎవరు వేలెత్తి చూపగలరు?

ముందు నిద్ర సంగతి చూసుకోండి. ఇషాకు (రాత్రి నమాజుకు) ముందు నిద్రపోవడం, ఇషా తర్వాత కబుర్లు పెట్టుకోవడం ప్రవక్తకు (సఅసం) నచ్చేవి కావని బుఖారీ హదీసు గ్రంథంలో (ప్రవక్త మాటలు, చేతల సంకలనంలో) ఉంది. కాబట్టి ఇషా అవగానే ఫోను అమ్మీ చేతికిచ్చి పడుకోండి. ఆర్గానిక్ రియాక్షన్లు తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత పెట్టుకోండి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తే టైం వృథా అయిందని బాధపడకండి, అది సున్నతే, అంటే ప్రవక్త అలవాటే.

సాయంత్రం అసర్ నమాజుకి పుస్తకం మూసి లేవండి. వజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కోవడం) హడావిడిగా కానివ్వకుండా, మోచేతుల దాకా నీళ్లు తగులుతున్నది గమనిస్తూ చేయండి. నమాజు అయ్యాక చేతులెత్తి తెలుగులోనే అడగండి: "యా అల్లాహ్, మాక్ టెస్టులో మార్కులు తగ్గాయి, అబ్బాకి ఎలా చెప్పాలో తెలియట్లేదు." భయాన్ని ఇలా విడమరిచి చెప్పుకుంటే గుండె బరువు కొంత దిగుతుంది. ఆ సాయంత్రమే అబ్బాకి కూడా చెప్పేయండి. ఒంటెను కట్టేసి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. తవక్కుల్ (అల్లాహ్ మీద భారం వేయడం) అంటే చేయాల్సింది మానేయడం కాదు.

అమ్మీలకు నా విన్నపం: "నమాజు సరిగ్గా చదివితే అన్నీ పోతాయి" అని పిల్లల నోరు మూయించకండి. రెండు వారాలుగా తిండి, నిద్ర, చదువు దెబ్బతింటే తాయెత్తు కట్టించి ఊరుకోకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదని బుఖారీ హదీసు. వెయ్యేళ్ల కిందటే ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి జబ్బులతో పాటు మనసు జబ్బులకూ వైద్యం రాసిపెట్టాడు.

చచ్చిపోవాలనిపిస్తోందని బిడ్డ అంటే రెండు వారాలు ఆగేది లేదు. ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

రంజాన్‌లో రోజా (ఉపవాసం) కోసం మాత్రలు సొంతంగా ఆపొద్దు. తెల్లవారుజాము సహరీకి, సాయంత్రం ఇఫ్తార్‌కి మార్చుకోవచ్చా అని డాక్టరును అడగండి. కుదరదంటే, జబ్బుపడ్డవారు ఆ రోజాలు తర్వాత ఉండొచ్చని బఖరా సూరాలోనే వెసులుబాటుంది.